కొండ ఉబ్బిందా, గాలి తడిసిందా: ఉపగ్రహ రాడార్‌తో అగ్నిపర్వతాల కొలతలో నా అనుభవం

విజయనగరం జిల్లాలో అగ్నిపర్వతాలు లేవు. దేశం మొత్తం మీద ఇంకా లావా కక్కుతున్నది ఒక్కటే, అండమాన్‌లోని బారెన్ ద్వీపం. అయినా గాలపాగోస్‌లోనో బాలిలోనో ఒక కొండ గత నెలలో ఎన్ని సెంటీమీటర్లు లేచిందో ఇక్కడి గదిలో కూర్చుని కొలవొచ్చు. రాడార్ చిత్రాలు ఉచితం, సాఫ్ట్‌వేర్ కూడా ఉచితమే. కష్టమంతా చివర్లో ఉంటుంది: తెర మీద కనిపిస్తున్నది నేల కదలికా, మరొకటా అని తేల్చడంలో. అందుకే బటన్ల గురించి తక్కువ, ఆ తేల్చడం గురించి ఎక్కువ రాస్తున్నాను.

పద్ధతి పేరు ఇన్‌సార్. ఉపగ్రహం ఒకే చోటిని రెండు తేదీల్లో, దాదాపు ఒకే దారిలో వెళ్తూ రాడార్‌తో చూస్తుంది. తిరిగొచ్చిన అల ఏ దశలో ఉందో, అంటే దాని ఫేజ్ ఎంతో, ప్రతి పిక్సెల్‌కీ నమోదవుతుంది. రెండు తేదీల ఫేజ్‌ల తేడాతో గీసిన చిత్రమే ఇంటర్‌ఫెరోగ్రామ్. యూరప్ వారి సెంటినెల్-1 ఉపగ్రహం వాడే అల పొడవు 5.55 సెం.మీ. అల వెళ్లి రావాలి కాబట్టి నేల అందులో సగం, అంటే 2.77 సెం.మీ., ఉపగ్రహం వైపు గానీ అవతలికి గానీ జరిగితే ఫేజ్ ఒక పూర్తి చుట్టు తిరుగుతుంది. చిత్రంలో రంగుల వరస ఒకసారి పూర్తవుతుంది. దాన్ని ఫ్రింజ్ అంటాం. మూడు ఫ్రింజ్‌లంటే 8.3 సెం.మీ. ఆ రంగుల వలయాలు చూసి మా వైపు పెద్దవాళ్లు "ఏటి బాబూ, ఆ రంగులన్నీ మంటలేటి?" అని అడుగుతారు. రంగుకీ వేడికీ సంబంధం లేదు. మంచు కప్పిన కొండ మీదైనా అవే రంగులు.

చిక్కు ఏమిటంటే, ఆ తేడాలో నేల కదలిక ఒక్కటే ఉండదు. రెండు సార్లు ఉపగ్రహం వెళ్లిన దారుల మధ్య ఎడం, కొండ ఎత్తు, దారిలో ఉన్న గాలి, నేల మీద మారిన చెట్టూ చేమా, ఇవన్నీ కలిసే వస్తాయి. మొదటి రెండింటినీ లెక్కగట్టి తీసేయొచ్చు. చెట్టూ చేమా చిత్రాన్ని పాడు చేస్తాయి గానీ మోసం చేయవు, పాడైన చోటు చుక్కలు చుక్కలుగా కంటికే తెలిసిపోతుంది. మోసం చేసేది గాలి. గాలిలోని తేమ వేసే వలయం చూడటానికి అచ్చం అగ్నిపర్వతం వేసే వలయంలాగే ఉంటుంది.

ముందు కదలని నేల మీద

కొత్తగా నేర్చుకునేవాళ్లకు నేను చెప్పే మాట ఒకటే. అగ్నిపర్వతం జోలికి పోయేముందు మన జిల్లా మీద రెండేసి తేదీల చిత్రాలతో నాలుగైదు జతలు చేయండి. ఇక్కడి నేల పన్నెండు రోజుల్లో సెంటీమీటర్ల లెక్కన కదలదు. కాబట్టి చిత్రంలో ఏ ఫ్రింజ్ కనిపించినా అది నేలది కాదు. ఎన్ని రకాల దొంగ ఫ్రింజ్‌లు ఉంటాయో ఇక్కడే చూసి పెట్టుకుంటే తర్వాత పని తేలిక.

సెంటినెల్-1 మామూలుగా పనిచేసే విధానంలో ఒక చిత్రం వెడల్పు 250 కి.మీ. కళింగపట్నం సముద్రం నుంచి కోరాపుట్ పీఠభూమి దాకా ఒకే చిత్రంలో పట్టే వెడల్పు అది. ఫిబ్రవరి, మార్చిలో ఒక జత, ఆగస్టులో ఒక జత తీసుకుని ముందు కొహిరెన్స్ చిత్రం చూడాలి. కొహిరెన్స్ అంటే రెండు తేదీల అలలు ఎంతవరకు పొంతన కుదిరాయో చెప్పే అంకె, సున్నా నుంచి ఒకటి దాకా. వేసవి జతలో శ్రీకాకుళం, విజయనగరం, ఆమదాలవలస, నరసన్నపేట పట్నాలు తెల్లగా మెరుస్తాయి, కోత అయిపోయిన పొలాలు కూడా ఒక మోస్తరుగా నిలుస్తాయి. రామతీర్థం బోడి రాతి కొండలు ఏ కాలంలోనైనా నిలుస్తాయి. ఆగస్టు జతలో ఊడ్పుల నీళ్లతో పొలాలన్నీ నల్లబడిపోయి ఊళ్లు మాత్రం దీవుల్లా మిగులుతాయి. ఉద్దానం కొబ్బరి, జీడి తోటలు రెండింటిలోనూ చీకటే. ఆకు కదిలినా, తడిసినా ఈ చిన్న అలకు పొంతన పోతుంది. ఇది కళ్లకు అలవాటైతే, అడవి కప్పిన బాలి కొండ మీద ఎక్కడ నమ్మాలో ఎక్కడ వదిలేయాలో అడగక్కర్లేదు.

ఆ తర్వాత పడమటి కొండలు చూడాలి. విజయనగరం మైదానం నుంచి అనంతగిరి, గాలికొండ వరసల దాకా వెళ్లేసరికి ఎత్తు వెయ్యి మీటర్లకు పైగా పెరుగుతుంది. కొన్ని జతల్లో ఆ కొండలన్నీ కలిసికట్టుగా రెండు మూడు సెంటీమీటర్లు లేచినట్టు, ఇంకో జతలో అంతే దిగినట్టు కనిపిస్తాయి. కారణం తేలికే. నీటి ఆవిరి ఎక్కువగా కింది రెండు మూడు కిలోమీటర్లలో ఉంటుంది. మైదానం మీద రాడార్ అల ఆ తేమ పొరనంతా దాటాలి, కొండ కొమ్ముకు మాత్రం పైపొర దాటితే చాలు. తేమ మారినప్పుడు మైదానం ఫేజ్ ఎక్కువ మారుతుంది, కొండది తక్కువ మారుతుంది. ఆ తేడానే మనకు కొండ కదిలినట్టు కనబడుతుంది.

దీనికి అంకె కూడా కట్టొచ్చు. ఒక చోట తల మీది గాలిలో ఉన్న ఆవిరినంతా నీళ్లుగా చేస్తే ఎన్ని మిల్లీమీటర్ల మందం వస్తుందో అది ఆ చోటి తేమ. అది 1 మి.మీ. పెరిగితే నిట్టనిలువు దారి సుమారు 6.5 మి.మీ. పొడవైనట్టు లెక్క. రాడార్ ఏటవాలుగా, 39 డిగ్రీల కోణంలో చూస్తుందనుకుంటే 8.4 మి.మీ. అంటే మైదానం మీది తేమ కొండ మీది తేమకంటే 3.3 మి.మీ. ఎక్కువ మారితే చాలు, ఒక పూర్తి ఫ్రింజ్ పుడుతుంది. మన తీరంలో వర్షాకాలానికీ చలికాలానికీ ఈ అంకె పదుల మిల్లీమీటర్లు తేడా ఉంటుంది. 3.3 మి.మీ. ఎంత!

ఇక్కడ మనకొక వెసులుబాటు ఉంది. విశాఖపట్నంలో వాతావరణ శాఖ రోజుకు రెండుసార్లు, ఉదయం సాయంత్రం అయిదున్నర కొలతలకు బెలూన్ ఎగరేస్తుంది. సెంటినెల్-1 కూడా ఉదయం ఆరు, సాయంత్రం ఆరు ప్రాంతాల్లోనే పైనుంచి వెళ్తుంది. బెలూన్ కొలతల్లోంచి లెక్కగట్టిన నీటి మందం వయోమింగ్ విశ్వవిద్యాలయం వెబ్‌సైటులో తేదీవారీగా దొరుకుతుంది, విశాఖ కేంద్రం సంఖ్య 43150. రెండు తేదీల అంకెలు పక్కపక్కన రాసుకుని చిత్రంలో కొండల రంగుతో పోల్చండి. చిత్రమంతా ఒకే తీరున మారిన తేమ ఫ్రింజ్ వేయదు, చోటును బట్టి, ఎత్తును బట్టి మారినదే వేస్తుంది. అందుకని అంకెకు అంకె సరిపోదు. కానీ ఏ జత ప్రమాదకరమో ముందే పసిగట్టొచ్చు.

చిత్రాలు, ప్రాసెసింగ్

అమెరికాలోని అలాస్కా శాటిలైట్ ఫెసిలిటీ వారి వెర్టెక్స్ పేజీలో గానీ, యూరప్ వారి కోపర్నికస్ డేటా స్పేస్‌లో గానీ ఖాతా తెరిస్తే చాలు. తీసుకోవాల్సింది ఐడబ్ల్యూ విధానంలోని (పైన చెప్పిన 250 కి.మీ. వెడల్పుది) ఎస్‌ఎల్‌సీ ఫైళ్లు, ఫేజ్ ఉండేవి ఇవే. జీఆర్‌డీ అనే రకంలో ఫేజ్ ఉండదు, అది ఇన్‌సార్‌కు పనికిరాదు. రెండు చిత్రాలూ ఒకే దారి సంఖ్య, ఒకే దిశ కావాలి. ఒక్కో ఫైలు 4 జీబీకి పైమాటే. మధ్యలో కరెంటు పోతే మొదటికి రాకుండా, ఆగిన చోటి నుంచి దించే డౌన్‌లోడర్ తప్పనిసరి. కంప్యూటర్‌కు 16 జీబీ ర్యామ్ కనీసం, ఒక జతకు వంద జీబీ ఖాళీ ఉంచుకోవడం మంచిది.

ఇంత దించడం ఇష్టం లేకపోతే, అలాస్కా వారి హైప్-3 సేవలో జత ఎంచుకుని ఆర్డర్ పెడితే వాళ్ల సర్వర్లే ప్రాసెస్ చేసి, 80 లేదా 40 మీటర్ల పిక్సెల్‌తో తయారైన చిత్రం ఇస్తాయి. నా మట్టుకు, మొదట కొన్ని జతలు స్నాప్ సాఫ్ట్‌వేర్‌లో చేత్తో చేసి, ఏ మెట్టులో ఏం జరుగుతుందో చూశాక హైప్-3కి మారడం సరైన వరస. నేరుగా తయారైన సరుకుతో మొదలుపెట్టినవాళ్లు తప్పు ఎక్కడ పుట్టిందో కనిపెట్టలేరు.

స్నాప్‌లో వరస ఇది. ముందు స్ప్లిట్: చిత్రం మూడు పట్టీలుగా, ఒక్కో పట్టీ సుమారు 20 కి.మీ. పొడవున్న బరస్టులుగా ఉంటుంది. అగ్నిపర్వతం ఉన్న పట్టీ, దాని చుట్టూ రెండు మూడు బరస్టులు, వీవీ పోలరైజేషన్ (అలను నిలువుగా పంపి నిలువుగానే అందుకున్న చిత్రం) మాత్రమే ఉంచుకుంటే పని పదో వంతుకు తగ్గుతుంది. ఒకే బరస్టు ఉంచితే మాత్రం తర్వాత వచ్చే ఈఎస్‌డీ మెట్టు (బరస్టుల అంచులు పోల్చి పొంతన సరిచేసేది) పనిచేయదు, దానికి పక్కపక్క బరస్టులు ఒకదాని మీద ఒకటి పడే అంచు కావాలి.

తర్వాత కక్ష్య ఫైలు. చిత్రం తీసిన మూడు వారాలకు కచ్చితమైన కక్ష్య ఫైలు వస్తుంది. అంతవరకు కొన్ని గంటల్లో వచ్చే తాత్కాలిక ఫైలు వాడుకోవచ్చు. స్నాప్ దాన్ని తనే దించుకుంటుంది గానీ సర్వర్ పలకనప్పుడు ఒక ఇబ్బంది ఉంది: ఫైలు దొరక్కపోయినా ఆగొద్దు అనే టిక్కు పెట్టి ఉంటే, కక్ష్య సరిచేయకుండానే ముందుకు పోతుంది. ఫలితంలో చిత్రం ఈ అంచు నుంచి ఆ అంచుకు సమానంగా వాలిన ఫ్రింజ్‌లు వస్తాయి. ఆ టిక్కు తీసేయండి.

రెండు చిత్రాలను ఒకదాని మీద ఒకటి పేర్చడం తర్వాతిది. ఉపగ్రహం నడిచే దిశలో పొంతన పిక్సెల్‌లో వెయ్యో వంతు దాకా, అంటే నేల మీద సెంటీమీటరున్నర దాకా కుదరాలి. రాడార్ యాంటెన్నా చూపు ప్రతి బరస్టులోనూ వెనక నుంచి ముందుకు తిరుగుతుంది కాబట్టి ఈ కచ్చితత్వం కావాలి. కుదరకపోతే బరస్టుల అంచుల దగ్గర రంగు ఠక్కున తెగుతుంది. ఆ తెగుడు అడ్డంగా, తిన్నగా ఉంటుంది, ప్రకృతి అంత తిన్నగా గీత గీయదు. చూడగానే వెనక్కి వెళ్లి ఈఎస్‌డీ మళ్లీ చేయాలి.

ఇంటర్‌ఫెరోగ్రామ్ చేసి, బరస్టులు అతికి, ఎత్తుల ప్రభావం తీసేయాలి. దీనికి కోపర్నికస్ వారి 30 మీటర్ల ఎత్తుల పటం వాడతాను. రెండు దారుల మధ్య ఎడం 100 మీటర్లుంటే, ఎత్తులో సుమారు 150 మీటర్ల తప్పుకు ఒక ఫ్రింజ్ పడుతుంది. పటంలో 10 మీటర్ల తప్పున్నా కదలికలో వచ్చే తప్పు 2 మి.మీ. లోపే. సెంటినెల్-1ని చాలా సన్నని గొట్టంలాంటి కక్ష్యలో నడుపుతారు కాబట్టి ఈ బాధ తక్కువ. కానీ పటం తీశాక కొండ రూపమే మారిపోయిన చోట్ల జాగ్రత్త: హవాయిలోని కిలవేయాలో 2018లో శిఖరం మీది హలెమౌమౌ బిలం 500 మీటర్లకు పైగా కూలింది. పాత పటంతో, 100 మీటర్ల ఎడమున్న జత చేస్తే బిలంలో మూడు దొంగ ఫ్రింజ్‌లు ఖాయం.

పిక్సెళ్లను కలిపి సగటు చేయడం, ఫిల్టర్ వేయడం తర్వాతి పని. రాడార్ చూసే దూరం దిశలో 8, ఉపగ్రహం నడక దిశలో 2 కలిపితే నేల మీద సుమారు 30 మీటర్ల చదరం వస్తుంది. ఫేజ్‌ను నునుపు చేసే గోల్డ్‌స్టీన్ ఫిల్టర్‌ను గట్టిగా వాడితే చిత్రం అందంగా వస్తుంది, కానీ అర్థంలేని చుక్కల్లోంచి (నాయిస్) కూడా వలయాలు పుట్టిస్తుంది. అందుకే ఫిల్టర్‌కు ముందు కట్టిన కొహిరెన్స్ చిత్రం పక్కన పెట్టుకుని, అందులో నల్లగా ఉన్న చోట ఫిల్టర్ చూపించే వలయాలను నమ్మను.

విప్పడం దగ్గరే ఎక్కువ తగాదా

ఇంతవరకు వచ్చిన ఫేజ్ నిమిషాల ముల్లు మాత్రమే ఉన్న గడియారం. ఎన్ని నిమిషాలో తెలుస్తుంది, ఎన్ని గంటలైందో తెలియదు. పక్క పిక్సెల్ నుంచి పక్క పిక్సెల్‌కు నడుస్తూ చుట్లు లెక్కబెట్టుకుంటూ పోవడమే అన్‌రాపింగ్. అందరూ వాడే ప్రోగ్రామ్ స్నాఫు, స్నాప్ నుంచి ఫైళ్లు బయటికి పంపి, దీన్ని విడిగా నడిపి, ఫలితం తిరిగి తెచ్చుకోవాలి. అందులో కదలిక కొలతకు డెఫో అనే విధానం, మొదటి అంచనాకు ఎంసీఎఫ్ అనే లెక్క పద్ధతి ఎంచుకోవాలి. చిత్రాన్ని ముక్కలుగా నడిపే అమరిక ఒకటుంది. అది ర్యామ్ తక్కువున్న కంప్యూటర్లకు ఆసరా, కానీ ముక్కల అంచుల్లో మెట్లు మిగులుతాయి. ఒక్క అగ్నిపర్వతమే కావాలంటే ముందే కత్తిరించి, ఒకే ముక్కగా నడపడం మేలు.

తప్పు ఎలా ఉంటుందంటే, కొహిరెన్స్ లేని లోయ అవతలి వైపంతా ఒక్కసారిగా 2.77 సెం.మీ. గానీ దాని రెట్టింపు గానీ లేచి ఉంటుంది. మెట్టు ఎత్తు కచ్చితంగా ఫ్రింజ్ గుణిజంలో ఉంటే అది నేల పగులు కాదు, లెక్క తప్పింది. తనిఖీకి మూడు తేదీల త్రికోణం వాడండి: ఒకటి నుంచి రెండు, రెండు నుంచి మూడు కలిపి, అందులోంచి ఒకటి నుంచి మూడు తీసేస్తే దాదాపు సున్నా రావాలి. పూర్తి చుట్టు మిగిలిన చోట ఆ మూడింటిలో ఏదో ఒకటి తప్పు విప్పింది. ఈ తనిఖీ గాలి తేమను పట్టుకోలేదని మాత్రం గుర్తుంచుకోవాలి. ప్రతి తేదీ గాలీ త్రికోణంలో తనంతట తనే కొట్టేసుకుపోతుంది.

పద్ధతికే ఒక హద్దు కూడా ఉంది. పక్కపక్క పిక్సెళ్ల మధ్య అర ఫ్రింజ్, అంటే 1.4 సెం.మీ. కంటే ఎక్కువ తేడా ఉంటే ఏ ప్రోగ్రామూ సరిగ్గా విప్పలేదు. గాలపాగోస్‌లోని సియర్రా నెగ్రా దీనికి మంచి ఉదాహరణ. 2005 విస్ఫోటనం తర్వాత 2018 దాకా దాని కాల్డెరా (శిఖరం కుంగి ఏర్పడిన పెద్ద గుంట) నేల సుమారు 6.5 మీటర్లు ఉబ్బింది. 2018 జూన్ 26న బద్దలైంది, ఆ విస్ఫోటనంలో సుమారు 8.5 మీటర్లు దిగిపోయింది. ఉబ్బిన కాలం సగటు చూస్తే పన్నెండు రోజులకు సెంటీమీటరున్నర పైచిలుకు, అంటే రాడార్ చూపు దిశలో అర ఫ్రింజ్. ఇది నేర్చుకునేవాళ్లకు పండగ. దిగిన 8.5 మీటర్లను మాత్రం ఒకే జతలో చూడబోతే సుమారు 240 ఫ్రింజ్‌లు, అవన్నీ అంచు నుంచి నడుమకు ఉన్న నాలుగైదు కిలోమీటర్లలో ఇరుక్కోవాలి. ఒక్కో ఫ్రింజ్‌కు 20 మీటర్లు కూడా రాదు, మన పిక్సెల్ 30 మీటర్లు. అలాంటి చోట ఫేజ్ వదిలేసి, చిత్రంలోని మచ్చలు ఎంత జరిగాయో పోల్చి చూసే పద్ధతికి వెళ్లాలి. దాని కచ్చితత్వం పిక్సెల్‌లో పదో వంతు, దూరం దిశలో పాతిక సెంటీమీటర్ల దగ్గర. మీటర్ల కదలికకు అది చాలు.

సియర్రా నెగ్రాను మరో పనికీ వాడతాను: గుర్తు సరిచూసుకోవడానికి. ఒక్కో సాఫ్ట్‌వేర్‌లో ప్లస్ అంటే ఒక్కో దిశ. హైప్-3లోనే విప్పిన ఫేజ్‌లో ప్లస్ అంటే నేల ఉపగ్రహానికి దూరం జరిగింది, కదలిక చిత్రంలో ప్లస్ అంటే దగ్గరికొచ్చింది. 2018 జూన్‌కు ముందు జత ఒకటి చేస్తే కాల్డెరా నడుమ తప్పకుండా ఉపగ్రహం వైపే రావాలి. రాలేదంటే గుర్తు తిరగబడింది. ఉబ్బుతున్న కొండను దిగుతోందని రాసేముందు ఈ చిన్న పరీక్ష చాలు.

గాలిని వేరు చేయడం

సియర్రా నెగ్రా లావా రాతి మీద చెట్లు తక్కువ, కదలిక ఎక్కువ. అక్కడ బాగా వచ్చిందని బాలిలోని అగుంగ్ మీదకు వెళ్తే అసలు సంగతి తెలుస్తుంది. సముద్రం దగ్గర మొదలై 3,000 మీటర్లకు పైగా లేచే కొండ, నిండా పచ్చదనం, ఏడాది పొడవునా తేమ. 2017 సెప్టెంబరులో భూకంపాలు మొదలై లక్షమందికి పైగా ఊళ్లు ఖాళీ చేశారు, నవంబరు 21న విస్ఫోటనం మొదలైంది. దానికి ముందు ఉత్తరపు వాలు 8 నుంచి 10 సెం.మీ. లేచిందని సెంటినెల్-1 చిత్రాలతో తర్వాత తేల్చారు. గాలి సవరణ చేస్తేనే అది బయటపడింది. మన మైదానానికీ అనంతగిరికీ వెయ్యి మీటర్ల తేడాకే అన్ని సెంటీమీటర్ల దొంగ కదలిక వస్తే, 3,000 మీటర్లకు ఎంత వస్తుందో ఊహించుకోవచ్చు. ఎట్నా మీద 1990లలో చూసిన వలయాల మీద కూడా ఇదే వాదన నడిచింది, అవి కదలికా, గాలా అని.

నేను వాడే పరీక్షలు ఈ వరసలో ఉంటాయి. మొదట, అనుమానం ఉన్న తేదీకి ముందు జత, తర్వాతి జత చూస్తాను. ఆ ఒక్క రోజు గాలి చెడ్డదైతే ముందు జతలో కొండ 3 సెం.మీ. లేచి, తర్వాతి జతలో అదే ఆకారంలో 3 సెం.మీ. దిగుతుంది. మాగ్మా అలా మర్యాదగా వెనక్కి పోదు. రెండోది, పక్కనే ఊరుకున్న కొండ. బాలిలోనే పడమట 2,276 మీటర్ల బటుకారు ఉంది. అగుంగ్‌తో పాటు అదీ లేచినట్టు కనిపిస్తే అది గాలి పని. మూడోది, ఆకారం. తేమ వేసే వలయాలు ఎత్తు గీతలను పట్టుకుని శిఖరం చుట్టూ చక్కగా తిరుగుతాయి. 2017లో అసలు కదలిక శిఖరం మీద లేదు, అగుంగ్‌కీ పక్క అగ్నిపర్వతం బాతూర్‌కీ నడుమ ఉత్తరపు వాలు మీద ఉంది. ఎత్తుతో సంబంధం లేని చోట లేవడమే దానికి పెద్ద సాక్ష్యం.

తర్వాతే సవరణలు. ఎత్తుకీ ఫేజ్‌కీ గ్రాఫ్ గీసి, సరళరేఖ కట్టి తీసేయడం అన్నింటికంటే తేలిక, ప్రమాదమూ ఎక్కువే: అగ్నిపర్వతాన్ని కూడా కలిపి రేఖ కడితే అసలు కదలికలో కొంత అందులో కొట్టుకుపోతుంది. కొండను ముసుగు వేసి పక్కన పెట్టి, మిగతా ద్వీపంతో రేఖ కట్టి, ఆ రేఖను కొండకు వర్తింపజేయాలి. ఈఆర్‌ఏ5 వాతావరణ నమూనాతో సవరణ చేయడం ఇంకో దారి, కానీ దాని గడి సుమారు 31 కి.మీ. బాలి మొత్తం మీద నాలుగైదు గడులు అడ్డంగా పడతాయి. పొరల తేమను సగటున తీసేస్తుంది, ఉరుము మేఘాన్ని పట్టుకోలేదు. గాకోస్ అనే ఆన్‌లైన్ సేవలో తేదీ, చోటు, సమయం ఇస్తే గాలి వల్ల అల ఎక్కడెంత ఆలస్యమైందో చూపే పటాలు పంపుతారు. ఏది వాడినా సవరణకు ముందు, తర్వాత చిత్రమంతటా చెదురు ఎంతో కొలిచి, తగ్గితేనే ఉంచుకోవాలి. కొన్ని జతల్లో పెరుగుతుంది. పెరిగిన చోట సవరణ మానేయడమే.

పదుల జతలున్నప్పుడు మింట్‌పై లాంటి ప్రోగ్రామ్‌తో కాలక్రమం కడతాం. ప్రతి తేదీని తర్వాతి మూడు నాలుగు తేదీలతో జత కలపాలి. పన్నెండు రోజుల జతలే వాడితే పచ్చదనం పెరుగుదల వల్ల చిన్న పక్షపాతం ప్రతి జతలోనూ చేరి, ఏడాది చివరికి లేని కదలికగా పోగవుతుంది, పొడవైన జతలు దాన్ని తగ్గిస్తాయి. గాలి తేదీ తేదీకి మారుతుంది కాబట్టి సగటు తీస్తే, స్వతంత్రమైన జతల సంఖ్య వర్గమూలం లెక్కన దాని బలం తగ్గుతుంది: 16 జతలకు నాలుగో వంతు. ఇంకొకటి, ఆధార బిందువు. ఇన్‌సార్ చెప్పేదంతా ఒక పిక్సెల్‌తో పోల్చి చెప్పేదే. ఆ పిక్సెల్‌ను ఉబ్బే మేరకు బయట, బాగా నిలిచే పాత రాయి మీదో ఊరి మీదో, వీలైతే జీపీఎస్ కేంద్రం పక్కనో పెట్టాలి.

రెండు వైపుల చూపు, అంకెల అర్థం

రాడార్ కొలిచేది నిలువు కదలిక కాదు, తన చూపు దిశలోని కదలిక. ఉత్తరానికి పోతున్నప్పుడు తూర్పు వైపు, దక్షిణానికి వస్తున్నప్పుడు పడమర వైపు చూస్తుంది. రెండూ ఉంటే నిలువు, తూర్పు-పడమరలను విడదీయొచ్చు. ఉదాహరణకు ఉత్తరానికి పోయే చూపులో 3 సెం.మీ., దక్షిణానికి వచ్చే చూపులో 1 సెం.మీ. దగ్గరికొచ్చిందనుకోండి. రెండు కోణాలూ 39 డిగ్రీలైతే నిలువు పెరుగుదల 4ను 1.55తో భాగిస్తే 2.6 సెం.మీ., పడమరకు జరిగింది 2ను 1.26తో భాగిస్తే 1.6 సెం.మీ. ఒకే చూపుతో 3 సెం.మీ. పైకి లేచిందని రాసేవాళ్లున్నారు, అది తప్పు. ఉత్తర-దక్షిణాల కదలిక రెండింటికీ దాదాపు కనబడదు, దానికి జీపీఎస్సే గతి.

లోతు, ఘనపరిమాణం కట్టడానికి జపాన్‌కు చెందిన మోగి 1958లో ఇచ్చిన సూత్రంతోనే అందరూ మొదలుపెడతారు: నేల కింద ఒక చిన్న గోళం ఉబ్బితే పైన ఎలా లేస్తుందో అది చెబుతుంది. 3 కి.మీ. లోతున పది లక్షల ఘనపు మీటర్లు పెరిగితే సరిగ్గా పైన 2.65 సెం.మీ. లేస్తుంది. గరిష్ఠంలో సగం ఉండే చోటు నడుమ నుంచి లోతుకు 0.77 రెట్ల దూరంలో ఉంటుంది, అంటే చిత్రం మీద స్కేలు పెట్టి కూడా లోతును అంచనా వేయొచ్చు. లోతు రెట్టింపైతే అదే ఎత్తుకు నాలుగు రెట్లు పరిమాణం కావాలి, కాబట్టి వలయాల అంచులు కొహిరెన్స్ లేక పోతే లోతూ పరిమాణమూ రెండూ జారిపోతాయి. సియర్రా నెగ్రా కింద ఉన్నది గోళం కాదు, సుమారు 2 కి.మీ. లోతున పరుచుకున్న పలుచని పొర, అక్కడ మోగి సూత్రం సరిపడదు. పెరిగిన పరిమాణం వచ్చిన మాగ్మా పరిమాణం కూడా కాదు. బుడగలున్న మాగ్మా నలుగుతుంది, వచ్చినదంతా పైకి కనబడదు. ఉబ్బితే బద్దలవుతుందన్న నియమమూ లేదు: ఇటలీలోని కాంపి ఫ్లెగ్రేలో 1982-84 మధ్య పొజ్జువోలి ఊరు 1.8 మీటర్లు లేచింది, విస్ఫోటనం రాలేదు.

చివరగా అందరూ అడిగేది: మన బారెన్ ద్వీపం సంగతేమిటి? పేరుకు దగ్గరే గానీ ఈ పద్ధతికి కఠినం. ద్వీపం అడ్డుకొలత సుమారు 3 కి.మీ., 40 మీటర్ల పిక్సెల్‌తో అటూ ఇటూ డెబ్బై అయిదు. చుట్టూ సముద్రం, అక్కడ కొహిరెన్స్ సున్నా. బరస్టు అంతా నీళ్లే కాబట్టి ఈఎస్‌డీ చెత్త అంకె ఇస్తుంది, దాన్ని వదిలేసి కక్ష్య ఫైలుతో కుదిరిన పొంతనతోనే సరిపెట్టుకోవాలి. 5 కి.మీ. లోతున ఏదైనా ఉబ్బితే ద్వీపమంతా కలిసి లేస్తుంది, పోల్చడానికి కదలని చోటు ఉండదు. కొత్త బూడిద పడిన వాలు మీద రెండు తేదీలకు పొంతన కుదరదు. శ్రీహరికోట నుంచి 2025 జూలై 30న ఎగిరిన, నాసా-ఇస్రో కలిసి చేసిన ఉపగ్రహం నైసార్ వాడే ఎల్-బ్యాండ్ అల 24 సెం.మీ., ఆకుల మధ్య నుంచి నేలను బాగా చూస్తుంది, బాలిలాంటి చోట్ల అది చాలా మార్చగలదు. అందులో ఒక ఫ్రింజ్ అంటే 12 సెం.మీ. పైగా అయనావరణం చేసే చెరుపు సెంటినెల్‌తో పోలిస్తే సుమారు 19 రెట్లు, దాన్ని విడిగా అంచనా వేసి తీయాలి. నీటి ఆవిరి మాత్రం ఏ అల పొడవుకైనా ఒకే ఆలస్యం చేస్తుంది. కాబట్టి మన తీరంలో బెలూన్ అంకెలు రాసుకునే పుస్తకం నైసార్‌కూ పనికొస్తుంది.

డిస్కు నిండినప్పుడు ఎస్‌ఎల్‌సీ ఫైళ్లు తుడిచేయొచ్చు, అవి మళ్లీ దొరుకుతాయి. ఉంచుకోవాల్సినవి విప్పకముందు ఫేజ్, ఫిల్టర్‌కు ముందు కొహిరెన్స్, విప్పిన ఫేజ్, చూపు కోణం పటం, వాడిన కక్ష్య ఫైళ్ల పేర్లు, ఆధార పిక్సెల్ అక్షాంశ రేఖాంశాలు.